నిదాన కందుక సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

“బాలు రానీమ్మా, నువ్వు పోవద్దు. చేతులు వెనకనే పెట్టుకో. ఊఁ... ఇప్పుడు కొట్టు.”

అవతారిక

బెంగళూరు నగరంలో సాఫ్ట్‌బాల్ నేర్చుకొంటున్న పన్నెండు పదమూడేళ్ల బాలికలను ఉద్దేశించి తెలుగు కోచ్‌లు పలికే ఈ చిన్న సూత్రానికి టీక లేకపోవడం వల్ల, దీన్ని విన్న పిల్లలు ఒక అర్థాన్ని, కంచె వెనక నిలిచిన తల్లిదండ్రులు మరొక అర్థాన్ని, ఎదుటి జట్టు క్యాచర్ వేరొక అర్థాన్ని గ్రహిస్తూ వస్తున్నారు. ఆ అర్థభేదాలను తొలగించడమే ఈ వ్యాఖ్యకు ప్రయోజనం. మెదక్ సీమలోని కొలచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని రెండు నియమాలు పెట్టుకొన్నాడు. ప్రస్తుత వ్యాఖ్య మొదటి నియమాన్ని శిరసావహించి, రెండవదాన్ని వీలు చిక్కినప్పుడల్లా పాటిస్తుంది.

మూలకర్త తన పేరు చెప్పుకోలేదు. అయితే ‘పోవద్దు’, ‘వెనకనే పెట్టుకో’ అన్న పలుకుబడిని బట్టి ఆయన రాయలసీమవాడని, అందులోనూ అనంతపురం వైపువాడని నిర్ణయించడానికి అవకాశం ఉన్నది. ఈ నిర్ణయానికి బాహ్యసాక్ష్యం కూడా లేకపోలేదు: విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురంలో నడిపే క్రీడాగ్రామంలో క్రికెట్, హాకీలతో పాటు సాఫ్ట్‌బాల్ కూడా నేర్పుతారు, అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి తిన్నగా వస్తుంది, ఆ దారి వెంట వేరుశనగలు, ధర్మవరం చీరలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగార్థులు ప్రయాణించినప్పుడు ఒక సూత్రం ప్రయాణించడంలో వింత ఏమీ లేదు.

ఆట తెలియని పాఠకుల కోసం కొంత చెప్పవలసి ఉన్నది. సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని షికాగో నగరంలో, చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకొనే బేస్‌బాల్‌గా పుట్టి, తరువాత ఆరుబయటికి వచ్చి, 1996లో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. మన దేశంలో పాఠశాల క్రీడల సమాఖ్య నడిపే జాతీయ పోటీల్లో దీనికి చోటు ఉన్నది. పేరులో మెత్తదనం ఉన్నా బంతిలో లేదు. పెద్దవాళ్లు ఆడే బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు క్రికెట్ బంతి కన్నా కాస్త ఎక్కువ. బంతిని విసిరే ఆమెను పిచ్చర్ అంటారు. ఆమె విండ్‌మిల్ అనే పద్ధతిలో చేయిని ఒక పూర్తి చుట్టు తిప్పి, తొడ పక్కనుంచి బంతిని విడుస్తుంది. క్రికెట్‌లో లాగా బంతి నేలను తాకి లేవదు, గాలిలోనే వచ్చి బ్యాటర్ ఎదుట ఉన్న హోం ప్లేట్ అనే అయిదు మూలల తెల్ల పలక మీదుగా, ఆమె వెనక కూర్చొన్న క్యాచర్ చేతికి పోతుంది. పిచ్చర్ పలకకు, హోం ప్లేట్‌కు మధ్య దూరం మహిళల అంతర్జాతీయ పోటీల్లో 43 అడుగులు. పిల్లలకు తగ్గిస్తారు కనుక ఈ వ్యాఖ్యలో 40 అడుగులుగా గ్రహించడమైనది. పిచ్చర్ ముందుకు ఒక పెద్ద అడుగు వేసి విడుస్తుంది కనుక బంతి నిజంగా ప్రయాణించేది సుమారు 35 అడుగులు, అంటే 10.7 మీటర్లు.

ఇక సూత్రానికి సందర్భం. తన జట్టులోని బలమైన పిచ్చర్‌నో, కోచ్ చేతి బంతినో వారమంతా ఎదుర్కొని, దానికి లయ కుదుర్చుకొన్న బాల, పోటీనాడు ఎదుటి జట్టులో నిన్నమొన్న నేర్చుకొన్న పిచ్చర్ ఎదుట నిలబడుతుంది. బంతి తాపీగా వస్తుంది. బ్యాటు ముందే తిరిగిపోతుంది. రెండో బంతికీ అదే జరుగుతుంది, మూడో దానికి అవుట్ అవుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో యంత్రం విసిరే బంతులతో నేర్చుకొని, తల్లిదండ్రులతో వైట్‌ఫీల్డ్‌కు తిరిగివచ్చిన తెలుగు పిల్లలకు ఈ ఆపద మరింత ఎక్కువ. వాళ్లకు ఇక్కడి పాఠశాల పిచ్చర్లు మొదట నవ్వు తెప్పిస్తారు, నాలుగో ఇన్నింగ్స్‌కల్లా కన్నీళ్లు తెప్పిస్తారు. వేగానికి ఓడిపోయిన పిల్ల తల ఎత్తుకొని వెనక్కి వస్తుంది. నెమ్మదికి ఓడిపోయిన పిల్ల హెల్మెట్ కిందికి లాక్కొని వస్తుంది. మూలం పలకబడేది ఈ రెండో పిల్ల విషయంలోనే.

పాఠాంతరాలు

బెంగళూరు మైదానాల్లో ఈ సూత్రానికి మరి రెండు పాఠాలు వినబడతాయి. “బాల్ బర్లి, నీను హోగ్‌బేడ” అనే కన్నడ పాఠం మూలానికి అక్షరాలా సరిపోతుంది. రెండు భాషల కోచ్‌లు ఒకే మైదానాన్ని పంచుకొన్నందువల్ల ఏది ముందో తేల్చడం కష్టం, తేల్చి ప్రయోజనం కూడా లేదు. “వెయిట్, వెయిట్, వెయిట్!” అనే ఆంగ్ల పాఠం మాత్రం అసమగ్రం. ఆగమని మూడుసార్లు చెప్పడమే గాని, శరీరంలో ఏది ఆగాలో, ఏది ఆగకూడదో ఆ పాఠం చెప్పదు. దాన్ని విన్న పిల్ల నిలువునా బిగుసుకొని, మూడో ‘వెయిట్’ అయిన తరువాత కూడా కదలకుండా, నడిమధ్య నుంచి పోయిన స్ట్రయిక్‌ను, అంటే కొట్టవలసి ఉండి వదిలేసిన బంతిని, చూస్తూ ఉండిపోతుంది. కనుక తెలుగు పాఠమే గ్రాహ్యం.

ప్రతిపదార్థం

బాలు = పిచ్చర్ చేతినుంచి వెలువడిన బంతి; రానీ = తానుగా వచ్చేదాకా రానివ్వు; అమ్మా = ఓ తల్లీ (ఇది సంబోధన; వయసుతో నిమిత్తం లేకుండా ఆడపిల్లకు తెలుగు కోచ్ ఇచ్చే మర్యాద, ఆమె వరుసగా మూడుసార్లు అవుటైనా ఇది మారదు); నువ్వు = నీ తల, నీ ముందు భుజం, నీ ముందు మోకాలు అనే మూడును; పోవద్దు = బంతికి ఎదురేగవద్దు; చేతులు = బ్యాటు పిడిని పట్టిన రెండు పిడికిళ్లను; వెనకనే = వెనక భుజం దగ్గరే, మరెక్కడా కాదు; పెట్టుకో = నిలుపుకో; ఊఁ = వ్యాఖ్యలో చూడవలెను; ఇప్పుడు = బంతి దేహానికి దగ్గరగా వచ్చిన క్షణంలో; కొట్టు = ఉన్న బలమంతా పెట్టి తిప్పు.

వ్యాఖ్య

‘బాలు రానీ’ అన్నచోట లెక్క అవసరం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 10.7 మీటర్లను సుమారు 0.48 సెకన్లలో దాటుతుంది. 55 కిలోమీటర్ల వేగంతో వచ్చేది సుమారు 0.70 సెకన్లు తీసుకొంటుంది. గాలి నిరోధాన్ని లెక్కలో చేర్చలేదు. చేర్చితే రెండు అంకెలూ కొద్దిగా పెరుగుతాయి గాని భేదం పోదు. ఆ భేదం 0.22 సెకన్లు. వినడానికి ఇది అల్పంగా తోచవచ్చు, కాని బ్యాటు కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచి బంతిని తాకేదాకా పట్టే కాలం సెకనులో సుమారు ఐదో వంతు మాత్రమే. అంటే వేగపు లయను వదలని బాల, నెమ్మది బంతి విషయంలో ఒక పూర్తి దెబ్బ ముందే వేసేస్తుంది. ఆమె బ్యాటు హోం ప్లేట్ మీదుగా తిరిగిపోయే వేళకు బంతి ఇంకా 3 మీటర్ల పైచిలుకు దూరంలో, తన పని తాను చూసుకొంటూ వస్తూ ఉంటుంది.

కాలం ఒక్కటే కాదు, దారి కూడా మారుతుంది. ఎక్కువసేపు గాలిలో ఉండే బంతి ఎక్కువగా కిందికి జారుతుంది గనుక, పిచ్చర్ దాన్ని ముందే కాస్త పైకి పంపవలసి వస్తుంది. పైన చెప్పిన వేగాల్లో, విడిచిన ఎత్తుకే తిరిగి చేరే బంతి నడుమ ఎంత లేస్తుందో చూస్తే, వేగపు బంతి 28 సెంటీమీటర్లు, నెమ్మది బంతి 60 సెంటీమీటర్లు లేస్తాయి. తొడ పక్కనుంచి బయలుదేరిన రెండోది దారి మధ్యలో పన్నెండేళ్ల పిల్ల భుజం ఎత్తుకు దాదాపుగా చేరుతుంది. దాన్ని చూసిన బాల మొదట ఎత్తు బంతి అని వదిలేద్దామనుకొంటుంది, దిగడం చూసి కొట్టాలనుకొంటుంది, ఆ రెండు ఆలోచనల నడుమ సగం బ్యాటు తిప్పుతుంది. దిగే కోణం కూడా వేగపు బంతికి సుమారు 6 డిగ్రీలైతే నెమ్మది బంతికి 12 డిగ్రీలు దాటుతుంది. అడ్డంగా తిరిగే బ్యాటుకు పైనుంచి దిగే బంతి దొరికే చోటు చాలా చిన్నది. నెమ్మది బంతి సులువు అని కంచె వెనక నిలిచి అనేవారు ఈ రెండు కోణాలను గమనించవలసిందిగా మనవి.

‘నువ్వు పోవద్దు’ అన్నది సూత్రంలో అందరూ విని, ఎవరూ పాటించని భాగం. బ్యాటు పట్టిన బాల బంతి కోసం మొదట బరువును వెనక కాలి మీదికి తీసుకొంటుంది. దీన్ని లోడ్ అంటారు. తరువాత ముందు కాలితో చిన్న అడుగు వేస్తుంది, అది స్ట్రైడ్. ఆ పిమ్మట నడుము తిరుగుతుంది, నడుమును అనుసరించి భుజాలు, భుజాలను అనుసరించి చేతులు, చివరగా బ్యాటు తిరుగుతాయి. వేగపు బంతికి ఈ వరుస ఒక్క ఊపులో సాగిపోతుంది. నెమ్మది బంతి వచ్చినప్పుడు బాల బంతి రాలేదని మధ్యలో గ్రహిస్తుంది, కాని అప్పటికే అడుగు పడిపోయింది. ఆగలేని బరువు ముందు కాలి మీదికి ఒరుగుతుంది, తల బంతి వైపు సాగుతుంది, నడుము తిరిగిపోతుంది, చివరికి చేతులు మాత్రం మిగిలి బంతిని తట్టుతాయి. ఆంగ్లంలో లంజింగ్ అనే ఈ దోషాన్ని బెంగళూరువాసులకు వివరించడం కష్టం కాదు. సిల్క్ బోర్డు కూడలిలో ఎర్ర దీపం పక్కన అంకెలు తగ్గుతూ వస్తుండగా, మూడు దగ్గరే గీత దాటి నిలిచిన ద్విచక్రవాహనం, పచ్చ దీపం వెలిగేసరికి ముందు చక్రం అడ్డంగా పెట్టుకొని, వెనకనుంచి వచ్చినవాళ్లకు దారి వదులుతుంది. ముందు కదిలినవాడే వెనకబడతాడు.

కాబట్టి ‘నువ్వు’ అనే పదానికి బాల యావద్దేహమనే అర్థం చెప్పడం దోషం. అడుగు వెయ్యవద్దని సూత్రం చెప్పడం లేదు. అడుగు పడవచ్చు, పడాలి కూడా. పడిన అడుగు మీద బరువు పడరాదు. ముందు పాదం నేలను తాకుతుంది, మోకాలు వంగి ఉంటుంది, తల వెనక మోకాలి మీదుగానే ఉండిపోతుంది. ఈ స్థితిలో నిలిచిన బాల కావలసినంతసేపు ఆగగలదు, తలుచుకొన్నప్పుడు తిప్పగలదు. ఒరిగిపోయిన బాలకు ఆ రెండూ చేతకావు.

‘చేతులు వెనకనే’ అన్నచోట ఏకారం అవధారణార్థకం, అంటే ఇంకెక్కడా కాదని చెప్పేది. అడుగు ముందుకు పడుతున్నప్పుడు పిడికిళ్లు వెనక భుజం దగ్గర ఉండిపోతే, దేహం సాగి, తిప్పడానికి కావలసిన బిగువు తయారవుతుంది. అడుగుతో పాటే చేతులు కూడా ముందుకు వచ్చేస్తే ఆ బిగువు పోతుంది. అడుగును ఒక పనిగా, దెబ్బను మరొక పనిగా విడదీయడమే నెమ్మది బంతికి మందు. సూత్రకర్త ‘పోవద్దు’కు, ‘కొట్టు’కు మధ్య రెండు మాటలు దూర్చడంలోని చాతుర్యం ఇక్కడ కనబడుతుంది: వాక్యంలో ఉన్న ఎడం దేహంలోకి దిగాలని ఆయన ఉద్దేశం.

ఇక ‘ఊఁ’. దీన్ని కొందరు పాదపూరణమని, అంటే శ్లోకంలో చోటు నింపడానికి వేసే ‘తు’, ‘హి’, ‘చ’ల వంటిదని అంటారు. అది సరి కాదు. సూత్రం యావత్తూ ఈ ఒక్క అక్షరంలో ఉన్నది. పైన లెక్కించిన 0.22 సెకన్లను బాల ఎక్కడ గడపాలో ఇది చెప్పుతుంది: అడుగు పడిన తరువాత, దెబ్బ మొదలు కాకముందు. పిచ్చర్ చేయి చుట్టు తిరుగుతున్నప్పుడు ఆగరాదు, అక్కడ ఆగితే తరువాత కంగారుపడవలసి వస్తుంది. బంతి విడివడిన తరువాత అడుగును తాపీగా వేసి, పడ్డ పాదం మీద ‘ఊఁ’ అని నిలవాలి.

ఎంతసేపు నిలవాలి అన్న ప్రశ్నకు ఛందస్సు సాయపడుతుంది. కనురెప్పపాటు కాలాన్ని మాత్ర అని లాక్షణికులు నిర్వచించారు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి, అంటే దూరాన ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు సాగదీసే అచ్చుకు, మూడు. కనురెప్ప సహజంగా పడి లేవడానికి సెకనులో పదో వంతు మొదలు పదింట నాలుగు వంతుల దాకా పడుతుంది కనుక, 0.22 సెకన్లను ఒక మాత్ర అనడం న్యాయమే. అయితే మూలంలో ‘ఊఁ...’ అని చుక్కలతో సహా ప్లుతం కనబడుతున్నది. మూడు మాత్రలంటే 0.66 సెకన్లు, ఆ వ్యవధిలో నెమ్మది బంతి 10.7 మీటర్లలో 10 మీటర్లు దాటుతుంది, దెబ్బకు వ్యవధి మిగలదు. కాబట్టి ప్లుతపాఠం లేఖక ప్రమాదం. ‘ఉఁ’ అని హ్రస్వపాఠమే సాధువు.

ఈ లెక్కను మరికొంత దూరం తీసుకొనిపోతే ఒక విపరీతం బయటపడుతుంది. ‘ఇప్పుడు’ అన్న మాటలో మొదటిది గురువు, తక్కినవి రెండు లఘువులు. మొత్తం నాలుగు మాత్రలు. కోచ్ ఆ ఒక్క మాట పూర్తిగా పలికేలోపల బంతి క్యాచర్ గ్లవ్‌లో ఉంటుంది. మాట చెవిన పడి దేహం కదలడానికి పట్టే కాలాన్ని, బ్యాటు తిరగడానికి పట్టే కాలాన్ని దీనికి కలిపితే చెప్పనవసరమే లేదు. అంటే పోటీలో బంతి గాలిలో ఉండగా ఈ సూత్రాన్ని బయటికి పలకడం నిష్ఫలం. ఇది అభ్యాసవేళ బాల చెవికి ఎక్కించవలసినది, పోటీవేళ బాల తన లోపల హ్రస్వంగా అనుకోవలసినది. కోచ్ పోటీలోనూ దీన్ని బిగ్గరగా అంటూనే ఉంటాడు. అది అతడి మనశ్శాంతి కోసం. ఆటలో దానికి వినియోగం లేదు.

‘కొట్టు’ స్పష్టం.

పూర్వపక్షాలు

బంతి నెమ్మదిగా వచ్చినప్పుడు బ్యాటును కూడా నెమ్మదిగా తిప్పితే సరిపోతుంది గదా అని మొదటి ఆక్షేపం. పిల్లలు తమంతట తాము మొదట చేసేది ఇదే, చాలామంది తండ్రులు సలహా ఇచ్చేదీ ఇదే. ఇది రెండు విధాల చెల్లదు. ఒకటి, నెమ్మదిగా తిప్పే బ్యాటుకు దారి నిలకడగా ఉండదు. రెండు, బంతి ఎంత వేగంతో ఎగిరిపోతుందన్నది ప్రధానంగా బ్యాటు మీద ఆధారపడుతుంది. సాధారణంగా తగిలిన దెబ్బలో, వచ్చిన బంతి వేగంలో సుమారు ఐదో వంతు మాత్రమే తిరిగి లెక్కలోకి వస్తుంది. బ్యాటు వేగమైతే తనంతా వచ్చి, పైన మరొక ఐదో వంతు కలుపుతుంది. కనుక బంతి గంటకు 25 కిలోమీటర్లు నెమ్మదిస్తే దెబ్బ కోల్పోయేది 5 కిలోమీటర్లే. బాల తన బ్యాటును 10 కిలోమీటర్లు నెమ్మది చేసుకొంటే కోల్పోయేది 12. నెమ్మది బంతి ఇచ్చేది కొంచెం తక్కువ గనుక బాల తనవైపునుంచి మరింత ఇవ్వాలి. ఆలస్యం కావలసింది ఆరంభం, వేగం తగ్గరాదు.

నిలిచే చోటు మార్చుకొంటే ఈ బాధ ఉండదని మరొక ఆక్షేపం. ఇందులో కొంత నిజం ఉన్నది. బ్యాటర్ నిలవడానికి సున్నంతో గీసిన పెట్టె పొడవు 7 అడుగులు. వేగపు బంతికి అందులో వెనక నిలిచే బాల, నెమ్మది బంతికి ముందు అంచు దాకా ఒక మీటరు జరిగితే, బంతి ఇంకా పూర్తిగా దిగకముందే, సుమారు 20 సెంటీమీటర్ల ఎక్కువ ఎత్తులో దొరుకుతుంది. అది లాభమే. కాలంలో లాభం మాత్రం సుమారు 0.07 సెకన్లు, అంటే 0.22 లోటులో మూడో వంతు లోపు. ముందుకు జరగడం మంచిదే గాని జరిగినంతమాత్రాన ‘ఉఁ’ తప్పదు.

మూడవది క్రికెట్ పక్షం. బెంగళూరులో ఇది బలమైన పక్షం. దీన్ని తేలికగా తోసిపుచ్చడం తగదు. సాఫ్ట్‌బాల్‌కు వచ్చే బాల అంతకుముందు అపార్ట్‌మెంట్ ఆవరణలో అన్నతోనో, వీధిలో టెన్నిస్ బంతితోనో క్రికెట్ ఆడి ఉంటుంది. నెమ్మది బంతి వస్తే ముందుకు దూకి, బంతి నేలను తాకే చోటును అందుకొని కొట్టాలన్నది ఆమెకు మొదటి పాఠం. ఈ పక్షంవారు ఎరపల్లి ప్రసన్నను ప్రమాణంగా చూపుతారు. బెంగళూరులో పుట్టి, 49 టెస్టుల్లో 189 వికెట్లు తీసిన ఈ ఆఫ్ స్పిన్నర్ బంతిని గాలిలో వేలాడదీసి, అది పడే చోటును బ్యాటర్ తప్పుగా అంచనా వేసేలా చేసేవాడు. అతడి మీద నిలవాలంటే ముందుకు నడవక తప్పదని వీరి వాదం. దీనికి తోడు భాగవత్ చంద్రశేఖర్‌ను కూడా పేర్కొంటారు: 1974 నవంబరులో ఇప్పటి చిన్నస్వామి స్టేడియంలో జరిగిన తొలి టెస్టులో, అదే మ్యాచ్‌తో టెస్టుల్లో అడుగుపెట్టిన వివియన్ రిచర్డ్స్‌ను అతడు రెండు ఇన్నింగ్స్‌లోనూ ఒంటి అంకె పరుగులకే అవుట్ చేశాడు. ఈ రెండో ఉదాహరణ ప్రకృతానికి పనికిరాదు. చంద్రశేఖర్ స్పిన్నర్‌గా లెక్కకు వచ్చినా బంతిని వేగంగా వేసేవాడు. అతడిని నిదాన కందుక ప్రకరణంలో చేర్చడం అధ్యాయ సాంకర్యం.

ప్రసన్న సంగతి వేరు, దానికి సమాధానం చెప్పవలసిందే. క్రికెట్ బంతి నేలను తాకి దారి మార్చుకొంటుంది. ఆ మార్పుకు ముందే దాన్ని అందుకోవడం కోసం ముందుకు నడవడం యుక్తం. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేలను తాకదు గనుక ఎదురు నడిచి అందుకోవలసిన చోటు అంటూ ఏదీ లేదు. పైగా క్రికెట్ బ్యాటర్ తనకు నచ్చని బంతిని సాయంత్రం దాకా వదిలేయవచ్చు. ఇక్కడ మూడు స్ట్రయిక్‌లతో ఆమె పని తీరిపోతుంది. కర్ణాటక క్రికెట్ కూడా ఎదురేగమని ఒక్కటే నేర్పలేదు. గుండప్ప విశ్వనాథ్ ఆడిన లేట్ కట్‌ను చూసినవారెవరూ, బంతిని తనను దాటబోయేదాకా రానివ్వడం పిరికితనమని అనరు. ఆ మణికట్టును ప్రమాణంగా స్వీకరిస్తే క్రికెట్ పక్షం తన ఇంటిలోనే సమాధానం పొందుతుంది.

ప్రయోగ విధి

దోషం ఉన్నదా లేదా అని తెలుసుకోవడానికి బ్యాటును కాదు, బంతి పోయిన దిక్కును చూడాలి. కుడిచేతి వాటం బాల కొట్టిన బంతులు వరుసగా మూడో బేస్ గీత అనే ఎడమ హద్దుకు అవతల పడి ఫౌల్ అవుతుంటే ఆమె ముందే కొడుతున్నదని అర్థం. ఆమెకు ‘ఆలస్యంగా కొట్టు’ అని చెప్పడం కన్నా, ‘పిచ్చర్ తల మీదుగా, కాస్త నీ కుడివైపు పంపు’ అని చెప్పడం మేలు. అటు పంపాలంటే బంతిని లోపలికి రానివ్వక తప్పదు, దేహం ఆ ఆలస్యాన్ని తానే కనిపెట్టుకొంటుంది. పిల్లల విషయంలో గడియారం కన్నా గురి బాగా పనిచేస్తుంది.

బెంగళూరులో ఏ ఇంట్లోనైనా ఒకటికి మించి దొరికే టెన్నిస్ బంతి ఇక్కడ సాధనం. కోచ్ నాలుగైదు మీటర్ల దూరంలో నిలిచి, బంతిని నేలకు కొట్టి బాల వైపు పంపుతాడు. బంతి లేచి, పైన ఒక క్షణం తేలి, దిగుతుంది, దిగేటప్పుడు కొట్టాలి. తొందరపడితే గాలిని కొట్టుతుంది, తప్పు ఏదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఇది చేసేటప్పుడు బాల ‘ఉఁ’ అని పైకి అనడం విహితం. సిగ్గుపడే పిల్లలకు మొదటి వారం మినహాయింపు ఇవ్వవచ్చు.

అసలు జాగ్రత్త మరొకటి ఉన్నది. నెమ్మది బంతికి ఓడిపోయిన పిల్లకు మరుసటి వారమంతా నెమ్మది బంతులే వేసే కోచ్‌లు ఉన్నారు. ఆ వారం నెట్స్‌లో ఆమె అద్భుతంగా కొడుతుంది, అందరూ సంతోషిస్తారు, తరువాతి పోటీలో వేగపు పిచ్చర్ రాగానే మొదటికి వస్తుంది. వేగం, నెమ్మది వరుస తెలియకుండా కలిపి వెయ్యాలి. ఏది వస్తుందో బాలకు ముందుగా చెప్పరాదు. 1994లో హాల్, డొమింగెస్, కవాజోస్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని కళాశాల బేస్‌బాల్ ఆటగాళ్ల మీద ఈ సంగతినే పరీక్షించారు: ఒక్కో రకం బంతిని విడివిడిగా గుత్తగా ఎదుర్కొన్నవారి కన్నా, వరుస తెలియకుండా కలిపి ఎదుర్కొన్నవారు చివరి పరీక్షలో బాగా కొట్టారు. కలిపి వేసే అభ్యాసం చూడడానికి అధ్వానంగా ఉంటుంది. గంటకు ఇంత ఫీజు కట్టి కంచె వెనక కూర్చొన్నవారికి తమ పిల్ల మూడు బంతులకు రెండు తప్పిపోవడం కనబడుతుంది. కోచ్ ఈ సంగతిని ముందే వాళ్లకు చెప్పి ఉంచడం క్షేమం.

వేగం మారినా మారకుండా ఉండవలసింది ఒకటి ఉన్నది: లోడ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. పిచ్చర్ చేయి ఎంత హడావుడిగా తిరిగినా, అది తొడ దగ్గరకు వచ్చేదాకా బాల లోడ్ దాటి అడుగు వెయ్యరాదు. చేంజప్ అనే మాయబంతి, అంటే వేగపు చేతితో వేసే నెమ్మది బంతి, మోసగించేది ఇక్కడే. చేయి చూసి కదిలినవాళ్లు దానికి చిక్కుతారు, బంతి చూసి కదిలినవాళ్లు బయటపడతారు. పన్నెండేళ్ల పిల్లకు పాఠశాల పోటీలో ఎదురయ్యే నెమ్మది పిచ్చర్ మోసమేమీ చేయడం లేదు, ఆమెకు అంతే వేగం వచ్చు. అయినా రేపు చేంజప్ వేసే పిచ్చర్ ఎదురయ్యేనాటికి ఈ అభ్యాసం అక్కరకు వస్తుంది. కాబట్టి ‘ఆ అమ్మాయికి బౌలింగే రాదు’ అని పిల్ల వినేలా అనడం, మర్యాద కాకపోవడంతో పాటు, శాస్త్రవిరుద్ధం కూడా.

తాత్పర్యం

ఓ తల్లీ, బంతి తన వేగంతో తాను వస్తుంది, దానికి ఎదురు వెళ్లవద్దు. అడుగు వేసినా బరువు వెయ్యకు, పిడికిళ్లను వెనక భుజం దగ్గర ఉంచుకొని ఒక్క రెప్పపాటు నిలిచి, ఆపైన సందేహించకుండా బలమంతా పెట్టి కొట్టు అని భావం.

విశేషాంశం

మూలంలో ‘కొట్టు’ అన్న క్రియ అన్నిటికన్నా చివర ఉన్నది. కంచె వెనకనుంచి మాత్రం అది అన్నిటికన్నా ముందు, పిచ్చర్ చేయి ఇంకా పైన ఉండగానే వినబడుతున్నది. ‘కొట్టు కొట్టు’ అని రెండుసార్లు, ఒక్కొక్కచోట పిల్ల ముద్దుపేరుతో కలిపి మూడుసార్లు. ఆ కేక సూత్రంలోని తక్కిన పదాలన్నిటినీ ఒక్క దెబ్బతో రద్దు చేస్తున్నది గనుక, ఈ వ్యాఖ్యను ఇంతదాకా చదివిన తల్లిదండ్రులు వచ్చే శనివారం బంతి క్యాచర్ గ్లవ్‌లోనో, మైదానం అవతలో పడేదాకా నోరు విప్పకుండా ఉండవలసిందిగా ప్రార్థన. నీళ్లసీసా అందించడానికి ఈ నిషేధం వర్తించదు.